పంపకములో మరువబడినవారు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, 2 కొరింథీయులకు 8:13–21

2024 సెప్టెంబరు మొదటి వారమున ఒక సాయంకాలము, హైదరాబాదు వెంగళరావు నగర్‌లో ఒక సహోదరుని యింట మేము పదునెనిమిది మందిమి ప్రార్థనకు కూడుకొంటిమి. అంతకు కొలది దినములకు ముందు, ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానలు తెలుగువారి రెండు రాష్ట్రములను ఒక్కసారిగా ముంచివేసి యుండెను. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మొదలైన పేటలు దినముల తరబడి నీటిలో నిలిచెను. ఖమ్మములో మున్నేరు దరులు దాటి యిండ్ల మీదికి వచ్చెను. సెప్టెంబరు 2న ప్రకాశము బ్యారేజీ వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించెను. పసిబిడ్డల పాలకొరకు మేడలమీద నిలిచి చేతులు చాచిన తల్లులను మేమందరము టీవీలో చూచియే కూటమునకు వచ్చితిమి.

మా కూటములో ఏ ఒక్క ప్రాంతమువారో లేరు. వెంగళరావు నగర్ అట్టి చోటు. దాని పేరు ఖమ్మము జిల్లానుండి వచ్చి ముఖ్యమంత్రియైన జలగం వెంగళరావు గారిది. అందు కాపురముండువారు ఇచ్ఛాపురము మొదలు హిందూపురము వరకు, ఆదిలాబాదు మొదలు ఆలంపురము వరకు గల ఊళ్లవారు. వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న దినములలోనే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వేలాదిమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ ఉప్పెనలో తనవారిని పోగొట్టుకొన్న వృద్ధురాలొకతె నేటికిని మాతో కూడి ప్రార్థించుచున్నది. కాబట్టి నీటివలన వచ్చు ఆపద యెట్టిదో మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ సాయంకాలము కానుక పట్టగా 42,000 రూపాయలు వచ్చినవి. ప్రార్థన ముగిసెను, వివాదము ఆరంభమాయెను.

"మా సింగ్ నగర్ మునిగినట్టు ఏ ఊరు మునిగిందన్నా? మొత్తం అక్కడికే పంపుదాం" అని విజయవాడ సహోదరుడు అనెను.

"టీవీలన్నీ విజయవాడనే చూపిస్తున్నాయి కాబట్టి మీకట్లా అనిపిస్తుంది. మా వాళ్లను చూపించేవాళ్లే లేరు" అని ఖమ్మము సహోదరి అనెను.

అనంతపురము నుండి వచ్చిన పెద్దాయన చాలసేపు ఊరకుండి, "మీకు వాన ఎక్కువై కష్టమొచ్చింది. మాకు రాక కష్టం. మా కష్టాన్ని ఫోటో తీసేదానికి కూడా ఉండదు" అనెను.

కూటములో పెద్దవాడనగుటచేత నేను తీర్పు చెప్పితిని. 21,000 ఆంధ్రప్రదేశ్‌కు, 21,000 తెలంగాణకు అంటిని. ప్రక్కనే ఉన్న ఫిలిం నగర్, జూబిలీ హిల్స్‌లలోని సినీ నటులు పలువురు ఆ వారములోనే ఇద్దరు ముఖ్యమంత్రుల సహాయనిధులకును సరిసమానముగా విరాళములు ప్రకటించి యుండిరి. ఇరువైపులవారును వారికి తమవారే గదా. ఆ మార్గమే మనకును చాలునంటిని. ఎవరును మారు పలుకలేదు. ఆ మౌనమును నేను సమ్మతి అనుకొంటిని. న్యాయము జరిగినదని లోలోపల సంతోషించితిని.

అప్పుడు ఆ యింట పనిచేయు స్త్రీ, టీ గ్లాసులు తీసికొనుటకు వచ్చినది, గుమ్మమునొద్ద నిలిచి, "అయ్యగారూ, ఒక్కమాట అడగనా? భూమి పేరున్నోళ్లకే ఇస్తారా, కౌలుకు చేసినోళ్లకు గూడ ఇస్తారా?" అని అడిగెను.

ఆమెది మున్నేటి ఒడ్డున ఒక పల్లె. ఆమె అన్న మూడెకరములు కౌలుకు తీసికొని పత్తి వేసెను. పంట నీళ్లపాలాయెను. భూమి వేరొకని పేర నున్నది. ఆమె అడిగినదానికి మాలో ఒక్కరికిని జవాబు తెలియదు. 42,000 రూపాయలను పంచుటకు గంటసేపు వాదించితిమి గాని, ఆ సొమ్ము ఎవరి చేతిలో పడవలెనో ఒక్క మనిషినైనను తలంచుకొనలేదు. రెండు రాష్ట్రముల పేర్లను మాత్రమే తలంచుకొంటిమి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తెరచితిని. యెరూషలేము సంఘము అప్పటికింకను పసిది. కలిగినవారు తమ పొలములు అమ్మి, వెలను అపొస్తలుల పాదములయొద్ద పెట్టుచున్న కాలమది. అట్టి ప్రేమగల సంఘములోనే, గ్రీకుభాష మాటలాడు యూదుల విధవరాండ్రు దినదినము జరుగు పంపకములో మరువబడిరి. ఎవరును వారిని ద్వేషించినట్లు లూకా వ్రాయలేదు. బహుశః పంచువారికి తమ భాష మాటలాడు విధవ యిల్లు ఎరుకయై యుండును. పరభాషా విధవ యిల్లు ఏ సందులో నున్నదో ఎరుక లేకయుండును. ద్వేషమువలన జరుగు అన్యాయములకంటె ఈ లాగున ఎరుగకపోవుటవలన జరుగు అన్యాయములే లోకమున ఎక్కువ. వీటినిబట్టి ఎవని మనస్సాక్షియు గద్దించదు.

అపొస్తలులు ఏమి చేసిరి? సణిగినవారిని చీవాట్లు పెట్టలేదు. ప్రేమగల సంఘమును శంకించుట పాపమని ప్రసంగింపలేదు. మీకు సగము, వారికి సగము అని నావలె తేల్చివేయలేదు. మంచిపేరు పొంది, ఆత్మతోను జ్ఞానముతోను నిండిన ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడని సంఘముతో చెప్పిరి. ఏర్పడినవారి పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. హెబ్రీయులలోను కొందరు గ్రీకు పేర్లు పెట్టుకొనువారు కలరు గనుక పేరునుబట్టియే అంతయు నిశ్చయింపరాదు. ఐనను నీకొలాసు అంతియొకయనుండి వచ్చిన యూదుల మతప్రవిష్టుడని లూకా ప్రత్యేకముగా తెలిపెను. ఈ పేర్లను చూచిన వ్యాఖ్యానకర్తలు అనేకులు గ్రహించిన సంగతి యేమనగా, ఏ పక్షమువారు మరువబడిరో ఆ పక్షమునుండియే పంచువారు ఎన్నుకొనబడిరి. హెబ్రీయులు సంఖ్యలో ఎక్కువైనను, కొలపాత్రను కొరతపడినవారి చేతికే ఇచ్చిరి. ఆ తరువాతి వచనములోనే దేవుని వాక్యము ప్రబలమైనదని చదువుచున్నాము. న్యాయమైన పంపకమునకును సువార్త వ్యాప్తికిని ఎంత దగ్గర సంబంధమున్నదో గమనించుడి.

ప్రియ చదువరులారా, మా చిన్న కూటములో జరిగిన తప్పు పెద్ద ఎత్తున దేశములోను జరుగుచుండును. మన దేశములో పన్నులలో పెద్ద భాగమును వసూలు చేయునది కేంద్రము. వరద, కరవు, తుపాను వచ్చిపడునది రాష్ట్రముల మీద. అందుచేత ఎవరికెంత అను ప్రశ్న ఎన్నడును తప్పదు. దీనిని ఆలోచించుటకే రాజ్యాంగములోని 280వ అధికరణము ప్రకారము ఐదేండ్లకొకసారి ఆర్థిక సంఘము ఏర్పడుచున్నది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము తరువాత ప్రతి రాష్ట్రమునకు ఒక విపత్తు నిధి ఏర్పడెను. సాధారణముగా అందు నూటికి 75 వంతులు కేంద్రమును 25 వంతులు రాష్ట్రమును వేయును. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకైతే కేంద్రము 90 వంతులు వేయును. 15వ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు గల ఐదేండ్లకు అన్ని రాష్ట్రముల విపత్తు నిధులకు కలిపి 1,60,153 కోట్ల రూపాయలు నిర్ణయించెను. ఒక్కొక్కరి వాటా తేల్చుటకు, రాష్ట్రము గతములో చేసిన ఖర్చును, విస్తీర్ణమును, జనాభాను, విపత్తుల ముప్పును, పేదరికమును లెక్కలోనికి తీసికొనెను.

2024 అక్టోబరు 1న కేంద్రము 14 రాష్ట్రములకు 5,858.60 కోట్లు విడుదల చేసెను. మహారాష్ట్రకు 1,492 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు వచ్చినవి. ఈ అంకెలు పత్రికలలో వచ్చిననాడు మా వీధిలో మరల అదే వాదము. మున్నేటి కన్నీటికంటె బుడమేటి కన్నీరు రెండున్నర రెట్లు విలువైనదా అని ఒకరు అడిగిరి. ఆ ప్రశ్నలో బాధ యున్నది గాని లెక్క తప్పినది. అది ఆ వరదను కొలిచి యిచ్చిన సొమ్ము కాదు. ప్రధానముగా రాష్ట్రముల విపత్తు నిధులలో కేంద్రము వేయవలసిన భాగము. వరదకు నాలుగేండ్లకు ముందే, 2020–21 సంవత్సరమునకు అదే ఆర్థిక సంఘము ఆంధ్రప్రదేశ్‌కు 1,491 కోట్లు, తెలంగాణకు 599 కోట్లు నిర్ణయించెను. అప్పుడును నిష్పత్తి రెండున్నరకు దగ్గరగానే యున్నది. అనగా నీళ్లు ఎవరి యింట ఎంత లోతున నిలిచెనో ఆ అంకెలకు తెలియదు. కేంద్ర బృందములు వచ్చి చూచిపోయిన తరువాత, 2025 ఫిబ్రవరిలో జాతీయ నిధినుండి ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు, తెలంగాణకు 231.75 కోట్లు అదనముగా ఆమోదింపబడెను. నీళ్లు వచ్చినది సెప్టెంబరులో. ఆ ఆమోదము వచ్చినది ఫిబ్రవరిలో.

అయితే సూత్రమును బట్టి పంచుట తప్పా? కాదు. సూత్రము లేనిచోట బిగ్గరగా అరచినవానికే మొదటి ముద్ద దొరకును. ఢిల్లీలో పలుకుబడి గలవాని ఊరికి నిండు బస్తాలు, పలుకుబడి లేనివాని ఊరికి ఖాళీ సంచులు చేరును. నిర్ణీతమైన వాటా నోరులేనివానికి ఒక కాపుదల. వాన పడకముందే వాటా తెలిసియుండుట వలన, వానపడిన నాడు ఎవని కాళ్లును పట్టుకొనక్కరలేదు. నేను సూత్రమును నిందింపను. ఆ సూత్రమును చేయునాడు బల్లయొద్ద ఎవరు కూర్చుండిరి, ఎవరు గుమ్మమునొద్ద నిలిచిరి అని మాత్రమే అడుగుచున్నాను.

గతములో చేసిన ఖర్చునే చూడుడి. పలుమార్లు తుపానులు తగిలిన ఒడిశావంటి రాష్ట్రము ఎక్కువ ఖర్చు చేసెను గనుక దానికి ఎక్కువ వాటా వచ్చుట న్యాయమే. కాని ఖర్చు చేయుటకు చేతిలో సొమ్ము లేనందువలన తక్కువ ఖర్చు చేసిన రాష్ట్రము మాటేమి? దాని పేదరికమే దానికి విరోధముగా సాక్ష్యము పలుకును. 15వ ఆర్థిక సంఘము పేదరికమును కూడ లెక్కలో చేర్చుట ఈ కొరతను కొంత తీర్చుటకే గదా. ఆ అనంతపురము పెద్దాయన చెప్పినదియు ఇటువంటిదే. ఒక్క రాత్రిలో వచ్చు వరదకు లెక్క వ్రాయుట సులువు. ఇరువది యేండ్లు కొంచెము కొంచెముగా ఎండబెట్టు కరవునకు లెక్క వ్రాయువాడెవడు?

సరిసమానముగా పంచుట నా తీర్పు గనుక దానినిగూర్చియు చెప్పవలెను. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత, ఆంధ్రప్రదేశ్‌లోని వెనుకబడిన ఏడు జిల్లాలకు, అనగా రాయలసీమ నాలుగింటికిని ఉత్తరాంధ్ర మూడింటికిని, జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏటా 350 కోట్లు కేంద్రము మూడేండ్లు ఇచ్చెను. వినుటకు ఎంతో ధర్మముగా నున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము అనంతపురము జిల్లాలో 40 లక్షలకు పైగా జనులు, విజయనగరము జిల్లాలో 23 లక్షలకు పైగా జనులు కలరు. తలకు లెక్కించినయెడల అక్కడివానికి 122 రూపాయలు, ఇక్కడివానికి 213 రూపాయలు వచ్చును. అట్లని విజయనగరపు పేదవాని చేతిలోనిది లాగికొనుమని నేను చెప్పుటలేదు. అతనికి వచ్చినదియు చాలదు. జిల్లాకు ఆకలి లేదు, మనిషికి ఆకలి యున్నది. జిల్లాలను సమానముగా చూచిన కన్ను మనుష్యులను సమానముగా చూచినట్లు కాదని మాత్రమే చెప్పుచున్నాను. నా 21,000 రూపాయల తీర్పులోను ఇదే లోపము. అది వివాదమును అణచెను గాని ఒక్కరి కొరతనైనను కొలువలేదు.

రాష్ట్రమునకు చేరిన సొమ్ము అక్కడినుండి ఇంటికి చేరవలెను గదా. 2022లో కేంద్రము సవరించిన నియమముల ప్రకారము, పంటలో మూడవవంతుకు పైగా నష్టపోయిన రైతునకు వర్షాధారపు భూమికి హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతిగల భూమికి 17,000 రూపాయలు, రెండు హెక్టారులకు మించకుండ ఇయ్యవచ్చును. ఈ సాయము ఎవరి చేతికి రావలెను? దున్నినవాని చేతికి గదా. కాని వ్రాతపత్రము లేని కౌలుదారుని పేరు జాబితాకు ఎక్కుట కష్టము. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను; దాని ప్రకారము కౌలుదారునికి పత్రము దొరకవలెనన్నను భూమిగలవాని సమ్మతి కావలెను. సంతకము పెట్టినచో భూమి చేజారునేమోయని అతడు జంకును. కాబట్టి ఢిల్లీలో ఎంత న్యాయముగా పంచినను, ఊరి చావడిలో విధవరాలి పాత్ర ఖాళీగానే ఉండవచ్చును. ఆ పనిమనిషి అడిగిన ప్రశ్న ఇదియే.

వరద యొక్కటే యైనను సరిహద్దుకు ఈవల ఒక కొలత, ఆవల ఒక కొలత. విజయవాడలో నీట మునిగిన క్రింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించెను. తెలంగాణలో నీట మునిగిన ఇంటికి 16,500 రూపాయలు ఇచ్చిరి. ప్రతి రాష్ట్రమునకు తన శక్తికొలది ఇచ్చు స్వేచ్ఛ ఉండవలసినదే. ఐనను అంతస్తునుబట్టి కొలుచుటలో ఒక పాఠమున్నది. పై అంతస్తువానికి నీళ్లు చుట్టిన కష్టమే. క్రింది అంతస్తువానికి బియ్యము, పరుపు, పిల్లల పుస్తకములు, కుట్టుమిషను అన్నియు పోయెను. ఎంత మొరటు కొలతయైనను, నీళ్లు ఎంతవరకు వచ్చెనో చూచిన కొలత, చూడని కొలతకంటె మేలు.

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి గొప్ప దృష్టాంతము కలదు. 1876లో వానలు లేక, 1878 వరకు సాగిన మహాక్షామమున కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు సీమలలో జనులు లక్షలాదిగా నశించిరి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు వైభవముగా జరిగెను. ఆ నెలలోనే పైప్రభుత్వము పంపిన రిచర్డు టెంపుల్ దొర, ఖర్చు తగ్గించుటకై, పనిచేయు మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని కొలత పెట్టెను. చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఆ కూటితో మనిషి పనిచేసి బ్రతుకజాలడని వాదించెను. కొలది నెలలకే ఆ కొలతను సవరింపవలసి వచ్చెను. దూరమున కూర్చుండి ఒకని ఆకలిని కొలిచిన కొలత అది.

ఆ కాలముననే ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని ఒప్పుకొని వేలాదిమందికి కూలి కల్పించెను. కరవు పనులలో మాదిగ సహోదరులు మేస్త్రీలచేత పడు బాధలను ఆయన ఎరిగి యుండెను. కాబట్టి తన పనిలో వారి జనములోనివారైన బోధకులనే పర్యవేక్షకులుగా నిలిపెను. కొరతపడిన జనముయొక్క చేతికే కొలపాత్రను ఇచ్చుట ఇక్కడను జరిగెను. మరియొక సంగతి: సాయము పంచుచున్న పదునైదు నెలలును ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. బియ్యము కొరకు ఎవరును క్రీస్తును ఒప్పుకొనరాదని ఆయన తలంపు. సాయము ఆగిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకొందుము గాని దానికి ముందు గడచిన పదునైదు నెలల ఓర్పును మరచుచున్నాము. ఆపదలో నున్నవానికి ఇచ్చునది అతని విశ్వాసమునకు వెల కాకూడదు. అట్లే అతని ఓటునకును, అతని ప్రభుత్వపు విధేయతకును వెల కాకూడదు. ఏ పక్షమువారు ఏలుచున్నను ఇది సత్యము. తన పన్ను కట్టి దేశములో భాగమైన మనిషికి కష్టకాలమున వచ్చునది దయాధర్మము కాదు, అతని పాలు.

ఇక పౌలు భక్తుని మాట చూతము. కరవునకు గురియైన యూదయలోని పరిశుద్ధుల కొరకు ఆయన పరాయి దేశముల సంఘములలో చందా పట్టెను. తానే బీదయైన మాసిదోనియ ఎక్కువగా ఇచ్చెను. ఒకరికి సుఖమును మరియొకరికి భారమును కలుగవలెనని కాదు, ఇప్పటి మీ సమృద్ధి వారి కొరతకును, మరియొకప్పుడు వారి సమృద్ధి మీ కొరతకును సహాయపడవలెనని ఆయన కొరింథువారికి నచ్చజెప్పెను. నేడు నీళ్లలో ఉన్నది బుడమేటివారు. రేపు ఎవరో మనకు తెలియదు. పిమ్మట అంత పెద్ద సొమ్మును పౌలు ఒంటరిగా మోసికొనిపోలేదు. తీతుతోకూడ సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకొనెను. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని నిష్కళంకముగా ఉండవలెనని ఆయన కోరిక. అపొస్తలుడైన పౌలే తన లెక్కను పదిమందికి చూపవలెననుకొన్నప్పుడు, లెక్క చూపుమన్నవాని మీద కోపపడుటకు మనమెంతటివారము?

మరుసటి ఆదివారము నేను కూటములో నా తీర్పు తప్పని ఒప్పుకొంటిని. ఆ స్త్రీని మాతోకూడ చాపమీద కూర్చుండబెట్టితిమి. మొదట ఆమె కూర్చుండలేదు. ఇంటి యజమానురాలు చేయి పట్టుకొని కూర్చుండబెట్టవలసి వచ్చెను. ఎవరికి పేరు లేదో, ఎవరి పేరు జాబితాలో రెండుసార్లు పడునో ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికిని తెలియదు. సింగ్ నగర్‌లో ఇస్త్రీబండి పోగొట్టుకొన్నవారిని, అద్దెకుండి సామాను పోగొట్టుకొన్నవారిని ఎరిగిన ఒక సహోదరిని ఫోనులో అడిగితిమి. చివరకు 27,000 రూపాయలు మున్నేటి ఒడ్డునగల తొమ్మిది కౌలు, కూలి కుటుంబములకును, 15,000 రూపాయలు సింగ్ నగర్‌లో అయిదు కుటుంబములకును చేరెను. అప్పటికి సింగ్ నగర్‌కు చాల సంస్థలు చేరియుండెను. ఆ పల్లెకు ఎవరును చేరలేదు.

విజయవాడ సహోదరుడు మూడు వారములు కూటమునకు రాలేదు. నేను లెక్క కాగితము తీసికొని ఆయన యింటికి వెళ్లితిని. ఆయన దానిని మొదటినుండి చివరివరకు చదివి, మడిచి నా చేతికిచ్చి, "డబ్బు సంగతి కాదన్నా. మా వాళ్లు ఎట్లున్నారని ఆ రోజు మీరు నన్ను అడగలేదు. నేను అరిచాను, మీరు పంచేశారు, అంతే" అనెను. ఆయన తల్లి ఆ దినములలో నీళ్లమధ్య మేడమీద రెండు రాత్రులు గడపినదని నాకు అప్పుడే తెలిసెను.

ఆ మాట నన్ను నేటికిని వదలలేదు. తక్కువ వచ్చినదని సణుగు ప్రాంతము ఎప్పుడును ఎక్కువ సొమ్మే అడుగుచున్నదని అనుకొనుట పొరపాటు. తన కష్టమును ఎవడైన కూర్చుండి విన్నాడా అని అది అడుగుచున్నది. ఆలకించి, కొలిచి, లెక్క చూపినయెడల, తక్కువ పాలు వచ్చినవాడును ఓర్చుకొనగలడు. ఆలకింపకుండ ఎక్కువ ఇచ్చినను అతనికి అది అవమానమే.

ఈ దేశపు నిధులను పంచువారు మనము కాము. కాని ప్రతి సంఘములో ఒక కానుకపెట్టె యున్నది. ప్రతి కుటుంబములో ఒక పంపకము జరుగుచున్నది. ప్రతి కాలనీలో ఒక జాబితా వ్రాయబడుచున్నది. అచ్చట మనము ఎట్లు పంచుదుమో చూచిన తరువాతనే, ఢిల్లీ ఎట్లు పంచవలెనో చెప్పుటకు మన నోటికి అర్హత కలుగును. ఈ నెల మీ సంఘములో సాయము పంచునప్పుడు గుమ్మమువైపు ఒకసారి చూడుడి. అచ్చట ఎవరో టీ గ్లాసులు చేతపట్టుకొని, అడుగుదునా మానుదునా అని నిలిచియుండవచ్చును.

ప్రార్థన: మరువబడిన విధవరాండ్ర సణుగును ఆలకించిన ప్రభువా, మా కొలపాత్రలను నీ సన్నిధిలో పరీక్షించుము. మేము ఎరుగనివారి ఇంటి త్రోవ మాకు చూపుము. మా లెక్కలను వెలుగులో ఉంచుటకు ధైర్యము నిమ్ము. మేము తప్పు తీర్పు చెప్పిననాడు దానిని ఒప్పుకొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.